కుబ్బర్ దీవి నుంచి సల్వా దాకా

కొత్త కారు కొందామని రెండేళ్లుగా ఊరిస్తున్న మా ఆయన ఒకరోజు పడవ కొనుక్కొచ్చారు. అదీ కొత్తది కాదు. ఉద్యోగం వదిలి స్వదేశం వెళ్లిపోతున్న ఒక తెల్లాయన దగ్గర, నాతో మాటమాత్రం అనకుండా బేరం ముగించుకుని వచ్చి, హవల్లీలో మా ఫ్లాట్‌లో అన్నానికి కూర్చుని, పప్పులో నెయ్యి కలుపుకుంటూ ఆ కబురు చెప్పారు.

"పడవా? చేపలు పట్టడానికా?" అన్నాను.

"తిరగడానికి."

"ఎక్కడికి?"

"ఎక్కడికని ఏముంది? గాలి ఎటుంటే అటు."

బెజవాడలో పుట్టి పెరిగినదాన్ని. నాకు తెలిసిన పడవలు మనుషుల్నీ, గడ్డిమోపుల్నీ ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకి దాటించేవి. పనయ్యాక వాటిని కట్టేసేవారు. ఏ పనీ లేకుండా తిరిగి రావడానికి పడవ కొనేవాళ్లు లోకంలో ఉంటారనీ, వాళ్లలో ఒకరికి నన్నిచ్చి పెళ్లి చేశారనీ అప్పుడే తెలిసింది. ఆ పూట నాకు నోట మాట రాలేదు. మర్నాటి నుంచి వచ్చిన మాటలు మాత్రం చాలాకాలం ఆగలేదు.

ఆ పడవకి ఆయన ఏ పేరూ పెట్టలేదు. నేనే పెట్టాను, సవతి అని. సెలవు రోజు వస్తే చాలు, సల్వా ఒడ్డుకి పోయి దాన్ని కడిగి, తుడిచి, తాళ్లు చుట్టలు చుట్టి మురిసిపోయి వచ్చేవారు. ఇంట్లో కుళాయి నెలల తరబడి కారుతున్నా ఆయన చెవికెక్కేది కాదు.

కువైట్ అంటే ఇసుక, నూనె బావులు అనుకునే మనవాళ్లకి అక్కడి దీవుల గురించి చెబితే నమ్మరు. నేనూ చూసేదాకా నమ్మలేదు. ఫైలకా పెద్ద దీవి. ఊరుంది, మనుషులున్నారు, మేకలున్నాయి. అక్కడ లంగరు వేస్తే నాకు ధైర్యంగా ఉండేది. ఖారూ మరీ చిన్నది, ఇసుకలోంచి తారు వాసన కొడుతుంది. ఉమ్ అల్ మరాదిమ్ అన్నిటికన్నా దక్షిణాన ఉంటుంది. ఒకసారి అక్కడ గాలి చచ్చిపోతే పగలంతా ఉన్నచోటే కూర్చుని మూడు పూటలూ ఆవకాయ అన్నమే తిన్నాం. వీటన్నిట్లోకీ మా ఇంట్లో వాళ్లకి ప్రాణం కుబ్బర్. అక్కడ ఎవరూ ఉండరు. కుక్కర్‌లో అన్నం ఉడికేలోపు దీవి చుట్టూ నడిచి రావచ్చు. తెల్లటి ఇసుక, మోకాలెత్తు పొదలు, ఓడలకి దారి చూపే దీపస్తంభం ఒకటి, అంతే. చుట్టూ నీళ్లడుగున పగడపు దిబ్బలు కళ్లకి కనబడేవి. వేసవి వస్తే ఆ దీవంతా పక్షులదే. నేలమీదే గుడ్లు పెట్టి, పిల్లల దగ్గరికి ఎవరైనా వస్తే పైనుంచి దూకి నెత్తిమీద పొడిచేవి. నన్ను రెండుసార్లు పొడిచాయి. నా తిట్లు వాటికి తెలుగులోనే తగిలాయి.

పడవ మీద నా హోదా వంటమనిషి, పైపెచ్చు తాళ్లమనిషి. ఇంట్లో గొంతెత్తని మా ఆయన పడవెక్కితే మారిపోయేవారు. "తాడు వదులు! అది కాదు, పక్కది! లాగు, లాగు!" అని కేకలు. తెరచాప కింది కొయ్య అటు నుంచి ఇటు తిరిగేటప్పుడు తల వంచకపోతే బుర్ర పగులుతుంది. నా నుదుటి మీద మచ్చ దాని చలవే. వెనక ఒక చిన్న మోటారు ఉండేది. దాన్ని రేవులోంచి బయటపడ్డానికీ, మళ్లీ రేవులోకి రావడానికీ తప్ప వాడకూడదని ఆయన నియమం. కాబట్టి పెట్రోలు కూడా ఒక చిన్న డబ్బా మాత్రమే పెట్టేవారు. నడిసముద్రంలో మోటారు వేయడం ఆయన దృష్టిలో, ఇంట్లో వ్రతం పెట్టుకుని హోటల్ నుంచి ప్రసాదం తెప్పించడం లాంటిది.

ఇంకొక నియమం జెండా. పడవ వెనక కువైట్ జెండా కట్టకుండా కదలకూడదు, కోస్ట్‌గార్డు వాళ్లు చూస్తే ఆపుతారు. దాన్ని కట్టే పని మా పాపది. దానికప్పుడు ఆరేళ్లు. నాకు కడుపులో తిప్పే సముద్రం దానికి ఉయ్యాల. ముందుభాగంలో కాళ్లు నీళ్లలోకి వేలాడేసి కూర్చుని, ఎదురుఫ్లాట్ పాలస్తీనా పిల్లల దగ్గర నేర్చుకున్న అరబ్బీలో చేపలతో మాట్లాడేది. రంగు దాని నాన్నది, పచ్చగా ఉండేది. గౌను వేసుకుని అరబ్బీ మాట్లాడితే బజార్లో దుకాణాలవాళ్లు దాన్ని అక్కడి పిల్లే అనుకునేవారు. నాకది లోపల్లోపల గర్వంగా ఉండేది.

1990 ఆగస్టులో ఆ గురువారం దుర్మార్గం జరిగేనాటికి శ్రావణమాసం. మర్నాడు శుక్రవారం వరలక్ష్మీ వ్రతం. హవల్లీలో తెలిసిన తెలుగువాళ్లందరికీ బొట్టు పెట్టి పేరంటానికి పిలిచి వచ్చాను. హాల్లో ఓ మూల పీట వేసి, బియ్యం, కలశం చెంబు, వెండి కుంకుమ భరిణ, వెండి పసుపు గిన్నె అన్నీ సర్దిపెట్టుకున్నాను. ఇంత పని పెట్టుకుని కూర్చుంటే బుధవారం మధ్యాహ్నం ఆఫీసు నుంచి వస్తూనే మా ఆయన, "కుబ్బర్ వెళ్దామా? గాలి బాగుంది," అన్నారు.

"మీకు మతి ఉందా?"

"రేపు మధ్యాహ్నానికల్లా వచ్చేస్తాం. నువ్వు రాకపోతే నేనొక్కణ్ణే వెళ్తాను."

ఒక్కరూ వెళ్తే ఆ కొయ్య తగిలి నీళ్లలో పడితే చూసే దిక్కుండదు. అది ఆయనకీ తెలుసు, నాకు తెలుసని కూడా ఆయనకి తెలుసు. తిట్టుకుంటూనే పులిహోర కలిపాను.

పాపకి చెవిపోటు. సముద్రపు నీళ్లు తగలనివ్వద్దని డాక్టరు చెప్పాడు. అందుకని దాన్ని మా ఫ్లాట్‌లోనే, మేము కడప అక్క అని పిలిచే ఆవిడ దగ్గర వదిలాం. అక్కది రాయచోటి పక్క పల్లె. సల్వాలో ఒక కువైటీ కుటుంబం ఇంట్లో చాలా ఏళ్లుగా వంట చేస్తోంది. యజమానురాల్ని మామా అనేది. ఆ మామా కుటుంబమంతా వేసవికి లండన్ వెళ్లింది. ఇల్లూ, కారూ, మేడమీద పావురాళ్లూ అన్నీ అక్క చేతిలో పెట్టి వెళ్లారు. ఊరికే ఉండలేక మా ఇంటికి వస్తూ పోతూ ఉండేది. పాపకి ఆవిడ పెద్దమ్మ. నన్ను మాత్రం ఎన్నిసార్లు వద్దన్నా మేడం అనే పిలిచేది.

"నువ్వు పోయిరా మేడం. పాపను నేను జూసుకుంటా. తెల్లారి పావురాళ్లకు గింజలెయ్యల్ల, అంతే నాకు పని," అంది.

పాప బాల్కనీలోంచి చెయ్యి ఊపి, "గవ్వలు తేమ్మా! పెద్దవి!" అని అరిచింది.

సాయంత్రానికి కుబ్బర్ చేరాం. నిజం చెప్పాలంటే ఆ ప్రయాణం ఎంత బాగుందో ఇప్పటికీ మర్చిపోలేను. మోటారు ఆపాక తెరచాప ఒక్కటే కాస్త ఉబ్బి, పడవ ఓ పక్కకి ఒరిగి నీళ్లని కోసుకుంటూ పోతుంటే, మా ఆయన ముఖంలో పెళ్లినాటి కళ వచ్చింది. "సవతి ఎలా ఉంది?" అన్నారు. "ఏదో ఉంది లెండి," అన్నాను. పులిహోర తిని, పడవ మీదే దుప్పటి పరుచుకుని పడుకున్నాం. కొంచెం దూరంలో ఇంకో బోటు ఉంది. అందులో కువైటీ కుర్రాళ్లు పాటలు పెట్టుకుని నవ్వుతున్నారు.

తెల్లవారుతుండగా ఉత్తరం వైపు నుంచి ధన్‌ధన్‌మని శబ్దాలు మొదలయ్యాయి. ఉరుములనుకున్నాను. ఆగస్టులో కువైట్‌లో ఉరుమేంటని నాకే అనిపించి, ఎవరిదో పెళ్లి, టపాకాయలు కాలుస్తున్నారనుకున్నాను. పెళ్లి ఇంతసేపు జరుగుతుందా అనిపించింది. రెండు విమానాలు మా నెత్తిమీద నుంచి, తెరచాప నిలువు కొయ్యకి తగులుతాయేమో అన్నంత కిందుగా పోయాయి. దీవిలో పక్షులన్నీ ఒక్కసారిగా లేచి ఆకాశం కప్పేశాయి. పక్క బోటులో కుర్రాళ్లు పాటలు ఆపేశారు. లంగరు లాగేసి, మోటారు వేసి, మా పక్క నుంచి పోతూ ఒకడు రెండు చేతులూ ఊపి ఏదో అరిచాడు. వాడి ముఖం నాకు బాగా గుర్తు. ఏడుస్తున్నాడు.

"ఏమంటున్నాడండీ?"

మా ఆయన లేచి నిలబడ్డారు. "ఇరాక్ లోపలికొచ్చేసిందంటున్నాడు," అన్నారు.

"లోపలికంటే?"

"కువైట్‌లోకి."

ఆ మాట నా బుర్రకి ఎక్కలేదు. దేశంలోకి దేశం ఎలా వస్తుంది? నిన్న మధ్యాహ్నం అదే ఊళ్లో బెండకాయలు కొన్నాను. ట్రాన్సిస్టర్ పెట్టాం. ఎప్పుడూ వాతావరణం, పాటలు, ఖురాన్ పఠనం వచ్చే స్టేషన్‌లో ఒక మనిషి వణికే గొంతుతో సాయం చేయండి, సాయం చేయండి అని అడుగుతున్నాడు. ఎవరినో తెలీదు, అందరినీ. ఆ అరబ్బీ నాకు సగమే అర్థమైంది. ఆ గొంతు మాత్రం పూర్తిగా అర్థమైంది.

"పాప," అన్నాను.

మా ఆయన గబగబా తెరచాప ఎత్తారు. అది ఎత్తినచోటే వేలాడింది. గాలి లేదు. ఆకు కదిలేంత గాలి కూడా లేదు. నీళ్లు నూనె పోసినట్టు నున్నగా ఉన్నాయి. మోటారు వేశారు. దీవి కనుమరుగు కాకముందే పెట్రోలు అయిపోయింది. ఖాళీ డబ్బా చేత్తో పట్టుకుని నిలబడిపోయారు.

అప్పుడు నేను అరిచిన అరుపులు ఏ ఆడదీ మొగుడి మీద అరిచి ఉండదు. "మీ తెరచాప మంటల్లో పెట్టా! మీ గాలి, మీ నియమాలు! ఇంకో డబ్బా పెట్రోలు పెట్టుకుంటే మీ పరువు పోయేదా? నా బిడ్డ అక్కడుంది!" ఆయన చుక్కాని పట్టుకుని, నా వైపు చూడకుండా, ఎండలో కూర్చున్నారు. ఉత్తరం వైపు ఆకాశంలో నల్లటి పొగ లేచింది. ముందు ఒకటి, తర్వాత ఇంకొకటి. మేము కదలకుండా దాన్ని చూస్తూ కూర్చున్నాం. అరిచే ఓపిక కూడా పోయింది. వరలక్ష్మికి మొక్కుకుందామంటే ఏమని మొక్కుకోవాలో తోచలేదు. గాలి ఇమ్మన్నాను. అంతే అడిగాను.

కువైట్‌లో దక్షిణం నుంచి వీచే ఒక ఉక్కగాలి ఉంది, కౌస్ అంటారు. ఆ గాలి వచ్చిందంటే గోడలు చెమరుస్తాయి, ఉతికిన బట్టలు ఆరవు, అందరూ దాన్ని తిట్టేవాళ్లే. ఎండ బాగా ఎక్కాక మెడ వెనక తడిగా తగిలింది. తెరచాప ఒకసారి కొట్టుకుంది, మళ్లీ కొట్టుకుంది, నిండింది. మా ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆ రోజు ఆయన కేకలు వేయలేదు. ఆయన చెయ్యి చూపిస్తే నేను తాడు లాగాను, చెయ్యి దించితే వదిలాను.

సగం దూరం వచ్చేసరికి కువైట్ నగరం వైపు బూడిదరంగు ఓడలు కనిపించాయి. అవి ఎవరివో తెలీదు. మా ఆయన లేచి వెనక్కి పోయి, నిన్న బయల్దేరేటప్పుడు తానే కట్టిన జెండా విప్పారు. ఇన్నేళ్లూ అది లేకపోతే ఆపుతారని భయపడ్డాం. ఇప్పుడు అది ఉంటే ఏం చేస్తారో అని భయం. నీళ్లలో పడేయబోయి ఆగిపోయారు. "మన పిల్ల ఎప్పుడూ కట్టే జెండా," అన్నారు. నేను తీసుకుని మడతపెట్టి, దింపేసిన చిన్న తెరచాప మడతల్లో దూర్చాను. ఏ దేశపు జెండా లేకుండా సల్వా ఒడ్డుకి వచ్చాం. పడవని కట్టేసి దిగాం. దాన్ని నేను మళ్లీ చూడలేదు.

రేవులో కాపలా మనిషి లేడు. అతని కుర్చీ ఉంది, కుర్చీ పక్కన సగం తాగిన చాయ్ గ్లాసు ఉంది. సముద్రం పక్క రోడ్డు మీద ఒక యుద్ధ టాంకు నిలబడి ఉంది. అంత పెద్దదని నాకు తెలీదు. దాని మీద కూర్చున్న సైనికుడు పుచ్చకాయ ముక్క తింటున్నాడు. మమ్మల్ని చూసి, "హిందీ?" అన్నాడు, ఇండియావాళ్లా అని. మా ఆయన తలూపారు. పొమ్మని పుచ్చకాయ పట్టుకున్న చేత్తోనే సైగ చేశాడు. మేము కారెక్కి హవల్లీ వైపు పోయాం. దారిలో కాలిన బస్సు, అద్దాలు పగిలిన దుకాణాలు, చెప్పులు, ఒక సూట్‌కేసు, నడిరోడ్డు మీద. నేను కిటికీలోంచి చూస్తూనే ఉన్నాను కానీ ఏదీ నమ్మలేదు. ఇది వేరే ఎవరిదో ఊరు, మనం దారి తప్పాం అనిపించింది.

ఫ్లాట్ తాళం తీశాను. "పాపా!" అని అరిచాను. జవాబు లేదు. అన్ని గదులూ చూశాను, బాత్రూమ్ చూశాను, మంచం కింద చూశాను. హాల్లో పీట అలాగే ఉంది, బియ్యం ఉన్నాయి, కలశం చెంబు ఉంది. కుంకుమ భరిణా పసుపు గిన్నే మాత్రం లేవు. పాప చెప్పులు లేవు. ఆ పీట పక్కనే కూలబడ్డాను. దొంగలు వచ్చి పిల్లని కూడా ఎత్తుకుపోయారా? ఆ ఆలోచన వచ్చాక ఇంకేమీ తోచలేదు.

ఎదురుఫ్లాట్ పాలస్తీనా ఆవిడ తలుపు కొంచెం తీసి, నన్ను చూసి బయటికొచ్చింది. చెయ్యి పట్టుకుని లేపింది. "తెల్లవారుజామున బాంబుల చప్పుడు వినగానే మీ అక్క పిల్లని తీసుకుని వెళ్లిపోయింది. మలయాళీ డ్రైవర్ ఎవరో వ్యాన్‌లో ఎక్కించుకున్నాడు. ఇక్కడ భయం, కఫీల్ ఇంటికి పోతాం అంది," అని చెప్పింది.

కఫీల్ ఇల్లు, అంటే అక్కకి పనిచ్చిన మామా వాళ్లిల్లు. సల్వాలో. మేము పడవ కట్టిన రేవుకి నాలుగైదు వీధుల అవతల. నా బిడ్డ అక్కడుండగా ఆ పక్క నుంచే కారులో వచ్చేశాం. నాకు అక్క మీద పట్టరాని కోపం వచ్చింది. కువైట్‌లో పనిచేసే మనవాళ్లందరిదీ అదే నమ్మకం. అక్కడ ఉండడానికి ఇఖామా కాగితం ఇచ్చినవాడు, పాస్‌పోర్టు దాచినవాడు, జ్వరమొస్తే మందిప్పించేవాడు కఫీల్. ఏ ఆపదొచ్చినా ఆ గోడ వెనక్కి చేరితే చాలు. కానీ ఈరోజు సైన్యం వెతుకుతున్నది కువైటీలున్న ఆ గోడల్నే కదా. ఇంత చిన్న సంగతి ఆవిడకి తట్టలేదా? మా ఆయన అప్పటికే మెట్లు దిగుతున్నారు.

సల్వాలో ఆ వీధి మొదట్లోనే సైనికుల జీపు అడ్డంగా ఉంది. "మగవాణ్ణి చూస్తే ఆపుతారు. నేను వెళ్తాను," అన్నాను. ఆయన నా చెయ్యి వదల్లేదు. విడిపించుకుని దిగాను. ఆ వీధిలో నేను నడిచిన నడక నాకు గుర్తులేదు. ఆ ఇంటి పెద్ద గేటు మాత్రం బార్లా తెరిచి ఉందని గుర్తు.

లోపల కారుషెడ్డు నీడలో ముగ్గురు సైనికులు కూర్చున్నారు. బూట్లు విప్పేశారు. ఒకడి ఒళ్లో తుపాకీ. వాళ్ల ముందు అక్క నిలబడి ఉంది. ఎప్పుడూ వేసుకునే పొడుగు గౌను కాకుండా, పెట్టె అడుగున దాచుకున్న ఊరి చీర కట్టుకుంది. ఆవిడ కొంగు పట్టుకుని ఎవరో పిల్ల. తలనిండా నూనె రాసి, చెవుల వెనక్కి లాగి కట్టిన రెండు జడలు, ఒంటి మీద ఉత్త పెటికోటు, చెంపలకీ పాదాలకీ పసుపు, నుదుట రూపాయంత కుంకుమ బొట్టు. చెవులకి పోగుల్లేవు, చేతికి గాజుల్లేవు. నా కూతుర్ని నేను పోల్చుకోలేదు. ఎవరీ పల్లెటూరి పిల్ల అనుకున్నాను. ఆ పిల్ల నన్ను చూసి నోరు తెరిచింది. అప్పుడు గుర్తుపట్టాను.

ముందుకి దూకబోయాను. పాప నోరు మూసేసింది. తల తిప్పి అక్క కొంగులో ముఖం దాచుకుని, "అమ్మా, ఆకలి," అంది. అక్కతో.

ఏమిటిది? నా బిడ్డ నన్ను చూసి వేరేవాళ్లని అమ్మా అందా? అక్క నా వైపు తిరిగింది. ఆవిడ కళ్లు నన్ను అక్కడే ఆపేశాయి. గొంతు మాత్రం గట్టిగా, తిడుతున్నట్టు వచ్చింది.

"యాడికి బోయినావ్ మే ఇంతసేపు? రొట్టెలు తెమ్మంటే ఊరు దిరిగొస్తావా? పో, పొయ్యిమీద చాయ్ పెట్టు పో!"

ఇన్నేళ్లలో ఆవిడ నన్ను మేడం అనకపోవడం అదే మొదటిసారి.

తుపాకీవాడు నన్ను పైనుంచి కిందికి చూసి, ఎవరీమె అని అడిగాడు. "ఉఖ్తీ," అంది అక్క. నా చెల్లెలు. ఒక రాత్రీ ఒక పగలూ సముద్రం మీద ఉండి ముఖం నల్లగా కమిలిపోయింది. జుట్టు ఉప్పుకి అట్టలు కట్టింది. తాళ్లు లాగి చేతులు బొబ్బలెక్కాయి. ఇంజనీరు గారి భార్యనంటే ఎవరూ నమ్మే అవతారం కాదు. వాడు నమ్మాడు. కానీ పిల్లని వదల్లేదు. వంగి దాని గడ్డం పట్టుకుని, "నీ తల్లి ఎవరు?" అని అరబ్బీలో అడిగాడు. ఆ భాష దానికి నా కంటే బాగా వచ్చు. ఒక్క ముక్క అర్థం కానట్టు వాడి ముఖంలోకి చూసింది. వాడు అక్కని వేలితో చూపించాడు. పాప తలూపింది. నన్ను చూపించాడు. పాప నా కళ్లలోకి చూసి, కాదని తల అడ్డంగా ఊపింది.

ఆ తల ఊపడం నేను చచ్చిపోయేదాకా నన్ను వదలదు. పిల్లని ఎవరో నా కడుపులోంచి మళ్లీ ఒకసారి లాగేసినట్టయింది.

వంటింట్లోకి పోయాను. చాయ్ పెట్టాను. చక్కెర ఎంత వేశానో తెలీదు. గ్లాసులు పళ్లెంలో పెట్టుకుని వస్తుంటే అవి ఒకదానికొకటి తగిలి గలగలమంటూనే ఉన్నాయి. తల వంచుకుని ఒక్కొక్కరికీ అందించాను. పాప నాకు మూరెడు దూరంలో ఉంది. తాకకూడదు. ఆ పసుపు వాసన నాకు తెలుస్తోంది. అది నా ఇంట్లోని పసుపే, వ్రతం కోసం నేను పోసిపెట్టింది. సైనికులు తాగారు. కుర్రవాళ్లే, ఒకడికి మీసాలు కూడా సరిగ్గా రాలేదు. ఇల్లంతా ఒకసారి తిరిగి, మామా కారు తాళాలు అడిగి తీసుకుని, ఆ కారులోనే వెళ్లిపోయారు. పోతూ ఒకడు నాకు షుక్రన్ అని థాంక్స్ కూడా చెప్పాడు.

అక్క గేటు వేసి గడియ పెట్టింది. అక్కడే నేలమీద చతికిలబడింది.

"తప్పయిపాయ మేడం. కఫీల్ ఇల్లు గదా, పెద్ద గోడలు, ఎవురూ రారనుకుంటి. మీ ఇంట్లో వెండియి వదిలిపెడితే తలుపు పగలగొట్టి ఎత్తకపోతారని గుడ్డలో మూట గట్టుకొస్తి. ఈడికొచ్చి మిద్దెక్కి పావురాళ్లకు గింజలేస్తాంటే పక్కింట్లోకి బోయినారు ఈళ్లు. ఆ ఇంటాయన యాడుండాడని ఆయన బిడ్డల్ని వాకిట్లో నిలబెట్టి తుపాకీ జూపిచ్చి అడిగిరి. మన పాప ఎర్రగుంటుంది, గౌనేసుకోని ఈళ్ల మాటలే మాట్లాడతాది. ఈ ఇంటి బిడ్డంటారు గదా? అందుకే ఆ పసుపూ కుంకుమా మొగానికి పూస్తి. హిందీ బిడ్డని తెలియల్లని. నా బిడ్డేనని జెప్తి. పాపకు గూడా జెప్తి, నేను జెప్పేదాంకా నన్నే అమ్మా అనల్లని. అంతలో నువ్వొస్తివి. నువ్వు గూడా నా బిడ్డని వచ్చి పట్టుకుంటే ఇద్దురమూ అబద్ధమని తేలిపోతాది..."

అక్క పక్కనే నిలబడి ఉంది నా కూతురు. నేను మోకాళ్ల మీద కూర్చుని రెండు చేతులూ చాచాను. "రా తల్లీ," అన్నాను. అది రాలేదు. గేటు వైపు చూసింది. నన్ను చూసింది. అక్క కొంగు ఇంకా గట్టిగా పట్టుకుంది. పెదాలు బిగబట్టుకుంది, ఏడుపు ఆపుకోవడానికి. మళ్లీ రమ్మన్నాను. కదల్లేదు. ఎంత భయపెట్టి నేర్పితే అంత మాట మీద నిలబడింది నా పిల్ల! నేను తేవాల్సిన గవ్వలు కూడా తేలేదని అర్థం లేకుండా ఆ క్షణాన గుర్తొచ్చింది.

అది తల ఎత్తి అక్క ముఖంలోకి చూసి, చాలా మెల్లగా అడిగింది.

"పెద్దమ్మా, ఇప్పుడు అనొచ్చా?"

అక్క తలూపింది. అప్పుడు నా కూతురు కొంగు వదిలి, నా దగ్గరికి వచ్చి నన్ను అమ్మా అంది.